క్యాల్ రిప్కెన్ జూనియర్ ఆటజీవితం: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో పిల్లలు బేస్‌బాల్ నేర్చుకోవడం మొదలుపెట్టగానే, వారు చేరిన లీగ్ పేరులోనే క్యాల్ రిప్కెన్ అన్న పేరు తరచుగా ఎదురవుతుంది; బాల్టిమోర్ నగరపు ఓరియోల్స్ జట్టుకు ఆడిన ఆటగాడాయన. క్రికెట్ బాగా తెలిసి బేస్‌బాల్ అంతగా తెలియని పెద్దలు ఆ పేరు గురించి అడిగే సందేహాలు దాదాపు ఒకేలా ఉంటాయి కనుక వాటిని ఆయన ఆటజీవితపు దశలను అనుసరించి ఇక్కడ కూర్చాము. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

## ముందుగా ఆట గురించి

ఇన్‌ఫీల్డర్ అంటే ఎవరు? షార్ట్‌స్టాప్ స్థానం కష్టమని ఎందుకంటారు?

హోమ్‌ప్లేట్‌తో కలిపి నాలుగు బేస్‌లు 90 అడుగుల భుజం ఉన్న చతురస్రంగా అమరి ఉంటాయి. ఆ చతురస్రం పరిసరాల్లో కాపు కాసే ఫస్ట్ బేస్‌మన్, సెకండ్ బేస్‌మన్, షార్ట్‌స్టాప్, థర్డ్ బేస్‌మన్ అనే నలుగురిని ఇన్‌ఫీల్డర్లు అంటారు. బ్యాటర్ నేలబారుగా కొట్టిన బంతిని ఆపి, అతడు ఫస్ట్ బేస్ చేరేలోగా అక్కడి సహచరుడికి విసరడం వీరి ప్రధానమైన పని. రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే షార్ట్‌స్టాప్ వైపు బంతులు ఎక్కువగా వస్తాయి, ఆయన పరిగెత్తవలసిన మేరా ఎక్కువే, పైగా మైదానం అటు చివరనున్న ఫస్ట్ బేస్‌కు విసరాలి. క్రికెట్‌లో పాయింట్ దగ్గర నిలబడిన ఫీల్డర్‌కు తన వైపు వచ్చిన ప్రతి బంతికీ రనౌట్ చేసి తీరాలన్న నియమం పెడితే ఎలా ఉంటుందో, షార్ట్‌స్టాప్ పని దాదాపు అలా ఉంటుంది.

సీజన్‌లో ఎన్ని మ్యాచ్‌లుంటాయి? అన్నీ ఆడటం అంత విశేషమా?

అమెరికా వృత్తి బేస్‌బాల్‌లో అత్యున్నత స్థాయి అయిన మేజర్ లీగ్‌లో ఒక్కో జట్టు మార్చి చివరి నుంచి సెప్టెంబరు చివరి వరకూ 162 మ్యాచ్‌లు ఆడుతుంది. అంటే దాదాపు రోజూ ఒక మ్యాచ్ ఉంటుంది, మధ్యలో ఊళ్లు మారుతూ రాత్రిళ్లు ప్రయాణాలుంటాయి. మంచి ఫామ్‌లో ఉన్న ఆటగాడికి కూడా మేనేజర్ (జట్టును నడిపే ప్రధాన శిక్షకుడు) అప్పుడప్పుడూ ఒక రోజు విశ్రాంతినివ్వడం పరిపాటి, దానిని ఎవరూ తప్పుగా చూడరు. అటువంటి ఆటలో రిప్కెన్ 16 ఏళ్లకు పైగా ఒక్క మ్యాచ్ కూడా వదలకపోవడం విశేషమే. అయితే ఆ పరంపరలో అధికభాగం షార్ట్‌స్టాప్‌గానే సాగిందన్న సంగతి అంతకన్నా పెద్ద విశేషమని, దానికి రావలసినంత గుర్తింపు రాలేదని మా అభిప్రాయం.

## అబర్డీన్ నుంచి డ్రాఫ్ట్ వరకు

ఆయన ఎక్కడి వారు? తండ్రి కూడా ఆటగాడేనా?

రిప్కెన్ 1960 ఆగస్టు 24న మేరీల్యాండ్ రాష్ట్రంలోని హావ్ర్ డీ గ్రేస్‌లో పుట్టారు, పక్కనే ఉన్న అబర్డీన్‌లో పెరిగారు. తండ్రి క్యాల్ రిప్కెన్ సీనియర్ 1957లో బాల్టిమోర్ ఓరియోల్స్ సంస్థలో మైనర్ లీగ్ (మేజర్ లీగ్‌కు కింది స్థాయి) క్యాచర్‌గా (క్రికెట్ వికెట్‌కీపర్ వంటి స్థానం) చేరారు. మేజర్ లీగ్‌లో ఆడే అవకాశం రాకపోయినా, తర్వాత అదే సంస్థకు చెందిన చిన్న జట్లకు మేనేజరుగా ఊరూరా పనిచేశారు. వాటిలో ఒక ఊరి పేరు కూడా అబర్డీనే కావడంతో చాలామంది పొరబడతారు, అది దక్షిణ డకోటా రాష్ట్రంలోని వేరే అబర్డీన్. వేసవి సెలవుల్లో పిల్లలు తండ్రి వెంట ఉండేవారు. బంతిని ఎలా పట్టాలో, ఎలా విసరాలో తండ్రి వృత్తి ఆటగాళ్లకు నేర్పుతుండగా పక్కన నిలబడి వినే అవకాశం ఆ విధంగా క్యాల్‌కు చిన్ననాడే దొరికింది.

తండ్రి అదే సంస్థలో కోచ్ కాబట్టే ఓరియోల్స్ ఆయనను తీసుకుందా?

ఈ అనుమానం అప్పుడూ ఉంది, ఇప్పుడూ వినబడుతుంది. 1978 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే ప్రక్రియలో, ఓరియోల్స్ ఆయనను రెండో రౌండ్‌లో, మొత్తం మీద 48వ ఆటగాడిగా ఎంచుకుంది. ఆ ఏడాది అదే సంస్థ ఆయనకంటే ముందు మరో ముగ్గురిని తీసుకుంది కాబట్టి మొహమాటానికి పెద్దపీట వేశారని అనలేము. కోచ్ కొడుకు కావడం వల్ల ఆయనను దగ్గరగా చూసే వీలు ఓరియోల్స్‌కు ఇతర జట్లకన్నా ఎక్కువగా దొరికిన మాట మాత్రం నిజం.

మొదట ఆయనను పిచర్‌గా తీసుకోవాలనుకున్నారట, నిజమేనా?

నిజమే. అబర్డీన్ హైస్కూల్లో ఆయన పిచింగ్ (బ్యాటర్‌కు బంతి వేయడం) చేసేవారు, షార్ట్‌స్టాప్‌గా కూడా ఆడేవారు. 1978లో పాఠశాల రాష్ట్ర ఛాంపియన్‌షిప్ గెలిచిన మ్యాచ్‌లో పిచర్ ఆయనే. అందువల్ల చాలా జట్ల స్కౌట్లు (కొత్త ఆటగాళ్లను వెతికేవారు) ఆయనను పిచర్‌గానే లెక్కగట్టారు, ఓరియోల్స్‌లోనూ భిన్నాభిప్రాయాలుండేవి. చివరకు రోజూ ఆడగల ఇన్‌ఫీల్డర్‌గా ప్రయత్నించి చూద్దామన్న పక్షం నెగ్గింది. ఇన్‌ఫీల్డర్‌గా కుదరకపోతే తర్వాత పిచర్‌గా మార్చుకోవచ్చుగానీ, కొన్నేళ్లు పిచింగే చేసినవాడిని తిరిగి బ్యాటరుగా తయారుచేయడం బహు కష్టమన్నది ఆ పక్షం వాదన.

## మైనర్ లీగ్ రోజులు

మేజర్ లీగ్‌కు రావడానికి ముందు ఎక్కడెక్కడ ఆడారు?

1978లో బ్లూఫీల్డ్‌లో మొదలుపెట్టి, మయామీ, షార్లెట్, రాచెస్టర్ జట్ల మీదుగా ఒక్కో మెట్టూ ఎక్కుతూ వచ్చారు. బ్లూఫీల్డ్‌లో మొదటి సీజన్లో ఒక్క హోమ్‌రన్ (క్రికెట్ సిక్సర్ వంటిది) కూడా కొట్టలేకపోయిన కుర్రవాడు 1980లో షార్లెట్‌కు 25 హోమ్‌రన్లు కొట్టాడు. అప్పటికి ఆయన ప్రధానంగా థర్డ్ బేస్‌లో ఆడుతున్నారు.

33 ఇన్నింగ్స్ సాగిన మ్యాచ్‌లో ఆడింది ఈ రిప్కెనేనా?

ఈయనే. బేస్‌బాల్‌లో మామూలు మ్యాచ్ తొమ్మిది ఇన్నింగ్స్‌తో (ఒక్కో ఇన్నింగ్స్‌లో రెండు జట్లూ చెరోసారి బ్యాటింగ్ చేస్తాయి) ముగుస్తుంది, స్కోరు సమానమైతే తేలేవరకూ అదనపు ఇన్నింగ్స్ ఆడతారు. 1981 ఏప్రిల్ 18న రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని పాటకెట్‌లో పాటకెట్, రాచెస్టర్ జట్ల మధ్య మొదలైన మ్యాచ్ ఎంతకీ తేలక, ఈస్టర్ ఆదివారం తెల్లవారుజామున నాలుగు గంటలు దాటాక 32 ఇన్నింగ్స్ దగ్గర ఆగింది. జూన్ 23న తిరిగి మొదలుపెట్టగానే 33వ ఇన్నింగ్స్‌లో పాటకెట్ 3–2 తేడాతో గెలిచింది. వృత్తి బేస్‌బాల్ చరిత్రలో అంతకన్నా సుదీర్ఘమైన మ్యాచ్ లేదు. రాచెస్టర్ తరఫున థర్డ్ బేస్‌లో ఉన్న రిప్కెన్ 13 సార్లు బ్యాటింగ్‌కు దిగి రెండు హిట్లు (బంతి కొట్టి క్షేమంగా బేస్ చేరడం) కొట్టారు. అవతలి జట్టు థర్డ్ బేస్‌మన్ వేడ్ బాగ్స్ కూడా తర్వాత మేటి బేస్‌బాల్ ఆటగాళ్లను గౌరవించే హాల్ ఆఫ్ ఫేమ్‌కు చేరారు.

## బాల్టిమోర్‌లో తొలి సంవత్సరాలు

మేజర్ లీగ్‌లో తొలి మ్యాచ్ ఎలా జరిగింది?

1981 ఆగస్టు 10న కాన్సస్ సిటీతో ఆడుతున్న మ్యాచ్ 12వ ఇన్నింగ్స్‌లో, కెన్ సింగిల్టన్ బదులుగా పరిగెత్తడానికి ఆయనను పంపారు. జాన్ లోవెన్‌స్టీన్ కొట్టిన హిట్‌తో హోమ్‌ప్లేట్ చేరి గెలుపు పరుగు తెచ్చారు. కానీ ఆ ఏడాది మిగిలిన మ్యాచ్‌లలో 39 సార్లు బ్యాట్ పట్టి కొట్టినవి ఐదే హిట్లు. ఆ అంకెలు చూసి ఇరవయ్యేళ్ల ఆటజీవితాన్ని ఊహించగలిగినవారు ఉండి ఉండరు.

షార్ట్‌స్టాప్‌గా ఆయనను మార్చింది ఎవరు? ఆ నిర్ణయం ఎందుకంత చర్చకు వచ్చింది?

మార్చింది మేనేజర్ ఎర్ల్ వీవర్, 1982 జూలై 1న. అప్పటి లెక్క ప్రకారం షార్ట్‌స్టాప్ అంటే పొట్టిగా, చురుగ్గా, పాదరసంలా కదిలే మనిషి. బ్యాటింగ్‌లో ఆయన నుంచి పెద్దగా ఆశించేవారు కాదు, ఫీల్డింగ్ చేస్తే చాలనుకునేవారు. రిప్కెన్ ఎత్తు ఆరడుగుల నాలుగంగుళాలు, బరువు 200 పౌండ్లకు పైమాటే. అంతటి భారీ మనిషిని తీసుకువెళ్లి ఇన్‌ఫీల్డ్‌లోని అతి కఠినమైన స్థానంలో నిలబెట్టడం నిపుణులకు విడ్డూరంగా తోచింది. వీవర్ ఆలోచన వేరు: థర్డ్ బేస్‌లో గట్టిగా కొట్టేవారు ప్రతి జట్టుకూ ఉంటారు, షార్ట్‌స్టాప్ దగ్గర పాతిక హోమ్‌రన్లు కొట్టేవాడు తనకొక్కడికే ఉంటే ఆ మేరకు తన జట్టు పైచేయి అవుతుంది. ఆ ఏడాది రిప్కెన్ 28 హోమ్‌రన్లతో, మేజర్ లీగ్‌లోని రెండు విభాగాల్లో ఒకటైన అమెరికన్ లీగ్ ఉత్తమ నూతన ఆటగాడి పురస్కారం పొందారు. ఈ ఆటజీవితంలో అన్నిటికన్నా దూరదృష్టి గల నిర్ణయం ఏదని ఎవరైనా అడిగితే, మేము చూపేది వీవర్ తీసుకున్న ఈ నిర్ణయాన్నే.

అంత పెద్ద శరీరంతో, పెద్దగా వేగం లేకుండా షార్ట్‌స్టాప్‌గా ఎలా నెగ్గుకొచ్చారు?

బంతి బ్యాట్‌కు తగలకముందే సగం పని పూర్తిచేసుకోవడం వల్ల. షార్ట్‌స్టాప్ నిలబడే చోటి నుంచి క్యాచర్ తన పిచర్‌కు వేళ్లతో చేసే సైగ కనబడుతుంది. రాబోయేది వేగమైన బంతా, వంపు తిరిగే బంతా, లోపలికి వేస్తారా బయటకు వేస్తారా అన్నది దాన్నిబట్టి తెలిసిపోతుంది. ఆ బ్యాటర్ అటువంటి బంతిని సాధారణంగా ఎటు కొడతాడో గుర్తుంచుకుని, రిప్కెన్ ప్రతి బంతికీ ఒకటి రెండు అడుగులు అటో ఇటో జరిగి నిలిచేవారు. ముందే జరిగితే బ్యాటర్ పసిగడతాడు కాబట్టి పిచర్ చెయ్యి ఎత్తే వేళకు జరగడం కూడా ఈ విద్యలో భాగమే. ఫలితంగా, ఇతరులు దూకి పట్టుకునే బంతులు ఆయన దగ్గరకు నేరుగా వచ్చినట్లు కనిపించేవి. చూసేవారికి అందులో మెరుపు కనిపించేది కాదు, అందుకే ఆయన ఫీల్డింగ్‌ను చాలాకాలం తక్కువగా అంచనా వేశారు.

ఎంత లోతు నుంచైనా ఫస్ట్ బేస్‌కు నేరుగా విసరగల బలమైన చెయ్యి రెండో ఆధారం. చెయ్యి మీద నమ్మకం ఉన్నవాడు బ్యాటర్‌కు మరింత దూరంగా, వెనక్కి నిలబడగలడు. అలా నిలబడితే బంతిని అందుకోవడానికి కొన్ని క్షణాలు అదనంగా దొరుకుతాయి, వేగం తక్కువైన కాళ్లకు ఆ క్షణాలు చాలు. 1984లో ఆయన 583 అసిస్టులు, అంటే బ్యాటర్‌ను ఔట్ చేయించిన విసురులు, నమోదుచేసి అమెరికన్ లీగ్ షార్ట్‌స్టాప్‌లలో రికార్డు సృష్టించారు. 1990లో సీజన్ మొత్తం మీద చేసిన పొరపాట్లు మూడే, వరుసగా 95 మ్యాచ్‌లలో ఒక్క పొరపాటూ లేదు. అయినా ఆ ఏడాది ఉత్తమ ఫీల్డర్లకిచ్చే గోల్డ్ గ్లవ్ ఆయనకు రాలేదు, 1991, 1992లలో వచ్చింది. 1990 నాటి తీర్పును ఇప్పటికీ సమర్థించలేము.

1983లో ఏం జరిగింది? వరల్డ్ సిరీస్ ఎన్నిసార్లు గెలిచారు?

గెలిచింది ఒక్కసారే, 1983లో. ఆ ఏడాది ఆయన బ్యాటింగ్ సగటు (బ్యాట్ పట్టిన సార్లలో హిట్ల నిష్పత్తి) 0.318, 211 హిట్లతో, 121 పరుగులతో అమెరికన్ లీగ్‌లో ప్రథమస్థానంలో నిలిచి, అత్యంత విలువైన ఆటగాడి పురస్కారం అందుకున్నారు. మేజర్ లీగ్ ఛాంపియన్‌ను తేల్చే వరల్డ్ సిరీస్‌లో ఓరియోల్స్ ఫిలడెల్ఫియా జట్టును 4–1తో ఓడించింది. గ్యారీ మ్యాడక్స్ కొట్టిన బంతిని నేల తాకకముందే అందుకుని చివరి ఔట్ పూర్తి చేసింది రిప్కెనే. ఆయనకు అప్పటికి నిండా 23 ఏళ్లు, ఆ తర్వాత మరో 18 ఏళ్లు ఆడినా వరల్డ్ సిరీస్ గడప తొక్కలేదు. 1996, 1997 సంవత్సరాల్లో జట్టు లీగ్ ఫైనల్ దాకా వెళ్లి వెనుదిరిగింది.

## తండ్రి మేనేజరుగా ఉన్న కాలం

తండ్రీ ఇద్దరు కొడుకులూ ఒకే జట్టులో ఉన్నారా?

ఉన్నారు. 1987లో క్యాల్ సీనియర్ ఓరియోల్స్ మేనేజరయ్యారు. ఆ జూలై 11న చిన్న కుమారుడు బిల్లీ సెకండ్ బేస్‌మన్‌గా జట్టులోకి రావడంతో, మేజర్ లీగ్‌లో ఒకేసారి ఇద్దరు కొడుకులను ఆడించిన తొలి మేనేజరుగా ఆయన నిలిచారు. షార్ట్‌స్టాప్, సెకండ్ బేస్‌మన్‌ల మధ్య పొత్తు చాలా ముఖ్యం, రెండో బేస్ వైపు రన్నర్ పరిగెత్తితే ఇద్దరిలో ఎవరు వెళ్లి అడ్డుకోవాలో బంతి బంతికీ తేల్చుకోవాలి. ప్రత్యర్థులకు కనబడకుండా గ్లవ్‌ను ముఖానికి అడ్డం పెట్టుకుని, నోరు తెరిస్తే నువ్వు, మూస్తే నేను అన్న తరహా సైగలతో ఇన్‌ఫీల్డర్లు ఈ విషయం మాట్లాడుకుంటారు.

ఆడిన ప్రతి ఇన్నింగ్స్‌లోనూ మైదానంలోనే ఉన్నారన్నది నిజమా? దాన్ని ఎవరు ఆపారు?

కొంతకాలం వరకు నిజం. 1982 జూన్ 5 నుంచి 1987 సెప్టెంబరు 14 వరకూ ఆయన వరుసగా 8,243 ఇన్నింగ్స్ ఆడారు. ఐదేళ్లకు పైగా ఒక్క ఇన్నింగ్స్‌కు కూడా ఆయన స్థానంలో మరొకరిని దింపలేదన్నమాట. టొరంటోలో ఓరియోల్స్ 18–3తో చిత్తుగా ఓడిన రాత్రి ఆయనను బయటకు పిలిచి ఆ వరుసకు ముగింపు పలికింది మేనేజరుగా ఉన్న తండ్రే. వరుస మ్యాచ్‌ల పరంపర వేరే లెక్క, మ్యాచ్ ఆడినట్లే కాబట్టి అది కొనసాగింది. ఇన్నింగ్స్ లెక్కను ఎవరో ఒకరు ఆపవలసిందేననీ, అన్య మేనేజరెవరైనా ఆపి ఉంటే పత్రికల్లో పెద్ద రభస అయ్యేదనీ మనసులో పెట్టుకుంటే, ఆ బాధ్యత తండ్రే నెత్తికెత్తుకోవడం సమంజసంగానే తోస్తుంది.

తండ్రిని తొలగించినప్పుడు క్యాల్ జట్టు వదిలేశారా?

1988 సీజన్లో ఓరియోల్స్ మొదటి ఆరు మ్యాచ్‌లూ ఓడగానే క్యాల్ సీనియర్‌ను తొలగించి, ఫ్రాంక్ రాబిన్సన్‌ను మేనేజరుగా నియమించారు. కొత్త మేనేజర్ వచ్చినా ఓటములు ఆగలేదు, సీజన్ ఆరంభంలో వరుసగా 21 మ్యాచ్‌లు ఓడిన అపకీర్తి ఆ జట్టుకు మిగిలింది. తండ్రి ధరించిన 7వ నంబరు చొక్కాను బిల్లీ అడిగి తీసుకున్నారు. అన్నదమ్ములిద్దరూ జట్టులోనే ఉన్నారు, మరుసటి ఏడాది తండ్రి కూడా థర్డ్ బేస్ కోచ్‌గా తిరిగివచ్చారు. క్యాల్ తన 21 సీజన్లూ బాల్టిమోర్‌కే ఆడారు.

## వరుస మ్యాచ్‌ల పరంపర

ఏ రికార్డును ఆయన దాటారు?

న్యూయార్క్ యాంకీస్ ఫస్ట్ బేస్‌మన్ లూ గెరిగ్ 1925 నుంచి 1939 వరకు వరుసగా 2,130 మ్యాచ్‌లు ఆడారు. గెరిగ్ పరంపర ముగియడానికి కారణం నరాలను క్షీణింపజేసే ప్రాణాంతక వ్యాధి, అమెరికాలో దానిని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. ఆ రికార్డు చుట్టూ అంతటి విషాదం ఉండడం వల్ల, దాన్ని దాటడం అపచారమనుకున్న అభిమానులు కూడా కొందరుండేవారు. రిప్కెన్ పరంపర 1982 మే 30న టొరంటోతో జరిగిన మ్యాచ్‌తో మొదలై, 1995 సెప్టెంబరు 6న 2,131కి చేరింది.

ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా గాయపడలేదా?

గాయపడ్డారు. 1985 ఏప్రిల్‌లో చీలమండ బెణికింది, అదృష్టవశాత్తు మర్నాడున్నది లెక్కలోకి రాని ప్రదర్శన మ్యాచ్ కావడంతో ఒక రోజు విశ్రాంతి దొరికింది. 1993 జూన్‌లో సియాటిల్‌తో మ్యాచ్‌లో రెండు జట్ల ఆటగాళ్లు మైదానంలోనే కలబడినప్పుడు మోకాలు మెలితిరిగింది, మర్నాటి ఆట అనుమానంలో పడింది. రెండుసార్లూ తర్వాతి లీగ్ మ్యాచ్ ఆడారు.

రికార్డు కోసమే ఆడారని, జట్టుకు అది నష్టమని విమర్శించేవారు. అందులో నిజమెంత?

విమర్శను పూర్తిగా కొట్టిపారేయలేము. 1990లో సగటు 0.250కి పడిపోయింది, 1992లో 14 హోమ్‌రన్లే కొట్టారు, అటువంటి కాలంలో కొన్ని రోజుల విశ్రాంతి ఇస్తే బ్యాటింగ్ మెరుగుపడేదేమోనన్న వాదనలో తర్కం ఉంది. కానీ ఆ వాదన చేసేవారు బ్యాటింగ్ అంకెలను మాత్రమే చూస్తారు. ఆయన బ్యాట్ సరిగ్గా పలకని 1990లోనే షార్ట్‌స్టాప్‌గా మూడు పొరపాట్లతో సీజన్ ముగించారు. ఆ రోజు ఆయనను పక్కన కూర్చోబెడితే వచ్చే బదులు ఆటగాడు ఫీల్డింగ్‌లో ఎంత పోగొడతాడో కూడా లెక్కించాలి కదా. పైగా జట్టులో ఎవరు ఆడాలన్నది మేనేజర్ నిర్ణయం, ఆ కాలంలో ఓరియోల్స్‌కు పలువురు మేనేజర్లు మారినా ప్రతి ఒక్కరూ ఆయన పేరును జాబితాలో రాశారు. 1990ల మధ్య తర్వాత మాత్రం రికార్డు ప్రభావం మేనేజర్ల చేతులు కట్టేసిందన్న మాటను అంగీకరించక తప్పదు.

1994లో ఆటగాళ్లు సమ్మె చేశారు కదా, పరంపర తెగలేదా?

1994 ఆగస్టు 12న సమ్మె మొదలయ్యేనాటికి పరంపర 2,009 దగ్గరుంది. ఆ ఏడాది వరల్డ్ సిరీస్ కూడా రద్దయింది. సమ్మెలో జరగని మ్యాచ్‌లు ఎవరికీ లెక్కలోకి రావు. అసలు ప్రమాదం 1995 వసంతంలో వచ్చింది: జట్ల యజమానులు సమ్మెలో లేని బదులు ఆటగాళ్లతో సీజన్ మొదలుపెట్టాలనుకున్నారు. అలా జరిగి ఉంటే ఓరియోల్స్ ఆడిన మ్యాచ్‌లలో రిప్కెన్ లేనట్లు నమోదయ్యేది. ఓరియోల్స్ యజమాని పీటర్ ఏంజెలోస్ బదులు ఆటగాళ్లను దింపడానికి నిరాకరించారు. సమ్మె ఏప్రిల్‌లో ముగిసింది, ఆ సీజన్‌ను 144 మ్యాచ్‌లకు కుదించారు.

1995 సెప్టెంబరు 6 రాత్రి అసలేం జరిగింది?

బాల్టిమోర్‌లోని క్యామ్డెన్ యార్డ్స్ మైదానంలో ఓరియోల్స్ కాలిఫోర్నియా ఏంజెల్స్‌తో ఆడుతోంది. అధ్యక్షుడు బిల్ క్లింటన్, ఉపాధ్యక్షుడు ఆల్ గోర్, గెరిగ్‌తో కలిసి ఆడిన జో డిమాజియో వచ్చినవారిలో ఉన్నారు. నాలుగో ఇన్నింగ్స్‌లో షాన్ బాస్కీ వేసిన బంతిని రిప్కెన్ హోమ్‌రన్‌గా మలిచారు. ఆతిథ్య జట్టు ముందంజలో ఉండగా పర్యాటక జట్టు ఐదో ఇన్నింగ్స్ ముగిస్తే, ఆపై వాన వచ్చినా ఆ మ్యాచ్ అధికారికంగా చెల్లుతుంది. కనుక డేమియన్ ఈస్లీ గాల్లోకి లేపిన బంతి సెకండ్ బేస్‌మన్ మానీ అలెగ్జాండర్ చేతుల్లో పడిన క్షణాన రికార్డు పూర్తయింది. మైదానం పక్కనున్న పాత గిడ్డంగి గోడకు వేలాడదీసిన అంకెల్లో చివరిది సున్నా నుంచి ఒకటికి మారింది.

ఆట 22 నిమిషాలు ఆగిపోయింది. రిప్కెన్ డగౌట్ లోంచి పైకి వచ్చి అభివాదం చేసి లోపలికి వెళ్లడం, జనం మళ్లీ పిలవడం పలుమార్లు జరిగాక, సహచరులు బాబీ బోనియా, రఫాయెల్ పాల్మేరో ఆయనను పట్టి బయటకు నెట్టారు. అప్పుడాయన మైదానం అంచువెంట చుట్టూ తిరుగుతూ, కంచె మీదుగా చాచిన చేతులను తాకుతూ, భద్రతా సిబ్బందికీ, ప్రత్యర్థి డగౌట్లోని ఆటగాళ్లకూ కరచాలనం చేశారు. సమ్మెతో విసిగిపోయి ఆటకు దూరమైన అభిమానులను ఆ నడక తిరిగి దగ్గర చేసిందని బేస్‌బాల్ చరిత్ర రాసేవారు చాలామంది అంటారు. ఒక్క రాత్రికి అంత శక్తిని ఆపాదించడం కాస్త అతిశయమే అయినా, ఆ సీజన్లో జనం మనసారా చప్పట్లు కొట్టిన సందర్భం అంతకు మించి మరొకటి కనబడదు. ఓరియోల్స్ 4–2తో గెలిచింది.

జపాన్ ఆటగాడి రికార్డు కూడా ఉండేదట, అదేమిటి?

హిరోషిమా కార్ప్ జట్టు థర్డ్ బేస్‌మన్ సచియో కినుగాసా జపాన్ లీగ్‌లో వరుసగా 2,215 మ్యాచ్‌లు ఆడారు. రిప్కెన్ 1996 జూన్ 14న కాన్సస్ సిటీలో ఆ అంకెను దాటారు. ఆ రోజు కినుగాసా స్వయంగా మైదానానికి వచ్చి చూశారు.

పరంపర చివరకు ఎలా ముగిసింది?

ఆయనే ముగించారు. 1998 సెప్టెంబరు 20న, ఆ సీజన్లో బాల్టిమోర్‌లో జరిగే ఆఖరి మ్యాచ్ మొదలవడానికి కాస్త ముందు, మేనేజర్ రే మిల్లర్ గదికి వెళ్లి తాను ఆడటం లేదని చెప్పారు. ఆయన స్థానంలో థర్డ్ బేస్‌కు దిగిన కొత్త కుర్రవాడు రయాన్ మైనర్ తనతో పరాచికాలాడుతున్నారని మొదట అనుకున్నాడు. విషయం గ్రహించిన యాంకీస్ ఆటగాళ్లు తమ డగౌట్ మెట్ల మీదికి వచ్చి చప్పట్లు కొట్టారు. అప్పటికి లెక్క 2,632.

## బ్యాటింగ్ గురించి

ఆయన అత్యుత్తమ సీజన్ ఏది?

1991. సగటు 0.323, హోమ్‌రన్లు 34, బ్యాటింగ్‌తో తెప్పించిన పరుగులు 114. ఏటా మేటి ఆటగాళ్లతో జరిగే ఆల్ స్టార్ మ్యాచ్‌లో ఉత్తమ ఆటగాడు, హోమ్‌రన్లు కొట్టే పోటీ అయిన హోమ్‌రన్ డెర్బీ విజేత, గోల్డ్ గ్లవ్, రెండోసారి అమెరికన్ లీగ్ అత్యంత విలువైన ఆటగాడి పురస్కారం, అన్నీ ఆ ఏడాదే వచ్చాయి. జట్టు మాత్రం 95 మ్యాచ్‌లు ఓడింది.

డబుల్ ప్లేలలో చెడ్డ రికార్డు కూడా ఉందంటారు?

ఉంది. నేలబారు బంతి కొట్టి ఒకే దెబ్బకు ఇద్దరు ఔటయ్యేలా చేయడం ఆయన విషయంలో 350 సార్లు జరిగింది, రిటైరయ్యేనాటికి మేజర్ లీగ్‌లో అదే అత్యధికం. 2017లో ఆల్బర్ట్ పుహోల్స్ ఆ అంకెను దాటారు. బంతిని బలంగా కొట్టి, నెమ్మదిగా పరిగెత్తి, అనేక వేలసార్లు బ్యాట్ పట్టినవారికే ఈ రికార్డు దక్కుతుంది, కనుక ఇది ఒక విధంగా దీర్ఘాయువుకు గుర్తు. ఓరియోల్స్ పాత మైదానం మెమోరియల్ స్టేడియంలో 1991 అక్టోబరు 6న జరిగిన ఆఖరి మ్యాచ్ కూడా రిప్కెన్ డబుల్ ప్లేతోనే ముగిసింది.

## చివరి సంవత్సరాలు

మళ్లీ థర్డ్ బేస్‌కు ఎందుకు మారారు?

వయసు. 1996 జూలైలో కొద్ది మ్యాచ్‌ల పాటు ప్రయోగంగా మార్చి చూశారు, 1997లో మైక్ బోర్డిక్ షార్ట్‌స్టాప్‌గా రావడంతో ఆ మార్పు శాశ్వతమైంది. థర్డ్ బేస్‌లో పరిగెత్తవలసిన మేర తక్కువ, కానీ బంతి మరింత వేగంగా మీదికి వస్తుంది. 36 ఏళ్లకు ఆ మార్పు ఆలస్యమైందనే అనాలి తప్ప తొందరపాటు అనలేము.

3,000 హిట్లు ఎప్పుడు పూర్తయ్యాయి?

2000 ఏప్రిల్ 15న మినియాపొలిస్‌లో, మినెసోటా పిచర్ హెక్టర్ కరాస్కో బంతికి. నిజానికి అది 1999లోనే పూర్తి కావలసింది. తండ్రి ఆ ఏడాది మార్చిలో మరణించారు, ఏప్రిల్‌లో రిప్కెన్ తన ఆటజీవితంలో తొలిసారి గాయపడ్డవారి జాబితాకెక్కారు, సెప్టెంబరులో 400వ హోమ్‌రన్ కొట్టిన కొద్దిరోజులకే వెన్ను శస్త్రచికిత్స సీజన్‌ను ముగించింది. ఆడిన 86 మ్యాచ్‌లలో సగటు మాత్రం 0.340, అట్లాంటాతో ఒక మ్యాచ్‌లో ఆరుకు ఆరు హిట్లు.

2001 ఆల్ స్టార్ మ్యాచ్ గురించి ఎందుకంతగా చెప్పుకుంటారు?

ఆ సీజనే తనకు చివరిదని రిప్కెన్ జూన్‌లో ప్రకటించారు. జూలై 10న సియాటిల్‌లో ఆల్ స్టార్ మ్యాచ్‌కు అభిమానులు ఆయనను థర్డ్ బేస్‌మన్‌గా ఎన్నుకున్నారు, షార్ట్‌స్టాప్‌గా అలెక్స్ రోడ్రిగెజ్ ఎన్నికయ్యారు. ఆట మొదలయ్యే ముందు రోడ్రిగెజ్ తాను థర్డ్ బేస్‌కు జరిగి, రిప్కెన్‌ను పాత స్థానానికి నెట్టారు. మూడో ఇన్నింగ్స్‌లో కొరియా పిచర్ చాన్ హో పార్క్ వేసిన తొలి బంతినే రిప్కెన్ హోమ్‌రన్‌గా కొట్టారు, మ్యాచ్‌లో ఉత్తమ ఆటగాడిగా నిలిచారు. పొడుగైన షార్ట్‌స్టాప్ అన్న మాటను మామూలు విషయంగా మార్చింది రిప్కెనే కాబట్టి, ఆ బాటలో నడిచిన రోడ్రిగెజ్ స్వయంగా చోటివ్వడం సముచితమైన మర్యాద.

ఆఖరి మ్యాచ్ ఎక్కడ జరిగింది?

మొదటి షెడ్యూలు ప్రకారం న్యూయార్క్‌లో జరగాలి. సెప్టెంబరు 11 దాడుల వల్ల వాయిదా పడిన మ్యాచ్‌లను సీజన్ చివరకు మార్చడంతో, 2001 అక్టోబరు 6న బోస్టన్‌పై సొంత మైదానంలోనే ముగిసింది. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో బ్రేడీ ఆండర్సన్ ఔటయ్యే సమయానికి తర్వాతి బ్యాటరుగా రిప్కెన్ సిద్ధంగా నిలబడి ఉన్నారు, ఆ వంతు రాలేదు.

మొత్తం అంకెలు ఏమిటి?

3,001 మ్యాచ్‌లు, 3,184 హిట్లు, 603 డబుల్స్ (రెండో బేస్ వరకు చేర్చిన హిట్లు), 431 హోమ్‌రన్లు, 1,695 తెప్పించిన పరుగులు, సగటు 0.276, 19 ఆల్ స్టార్ ఎంపికలు.

## రిటైరయ్యాక

హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎన్ని ఓట్లు వచ్చాయి?

2007లో పోలైన 545 ఓట్లలో 537 ఆయనకు పడ్డాయి, ఎన్నిక కావడానికి 75 శాతం చాలు. జూలై 29న న్యూయార్క్ రాష్ట్రంలోని కూపర్స్‌టౌన్‌లో శాన్ డియేగో ఆటగాడు టోనీ గ్విన్‌తో కలిసి ఆ గౌరవం అందుకున్నారు.

ఆయన రికార్డు ఎవరైనా దాటగలరా?

లెక్క వేయండి: ఏడాదికి 162 చొప్పున ఒక్కటీ వదలకుండా ఆడినా 16 సీజన్లు పూర్తిచేసి, 17వ సీజన్లో కూడా కొంత ఆడాలి. రిప్కెన్ తర్వాతి తరంలో మిగెల్ తెహాదా 1,152 వరకు చేరి ఆగిపోయారు. ఇప్పుడు జట్లు ఆటగాళ్ల అలసటను కొలిచి, ముందుగానే విశ్రాంతి దినాలు నిర్ణయిస్తున్నాయి. శరీరం సహకరించినా యాజమాన్యం ఒప్పుకోదు, కాబట్టి ఈ రికార్డు దరిదాపులకు ఎవరైనా రాగలరని మేము అనుకోవడం లేదు.

మా పిల్లవాడి లీగ్‌కు ఈయన పేరెందుకు పెట్టారు?

బేబ్ రూత్ లీగ్ అనే యువజన బేస్‌బాల్ సంస్థ 12 ఏళ్ల లోపు పిల్లల విభాగానికి 1999లో ఆయన పేరు పెట్టింది. ఆ విభాగంలో ఆడటానికీ రిప్కెన్ కుటుంబానికి చెందిన శిక్షణ శిబిరాలకూ నేరుగా సంబంధం లేదు, లీగ్‌లో చేరినంత మాత్రాన ఆ శిబిరాలలో చోటు దొరకదు.

ఇప్పుడాయన ఏం చేస్తున్నారు?

తండ్రి పేరుతో కుటుంబం నెలకొల్పిన ఫౌండేషన్ పేద పిల్లలకు క్రీడా మైదానాలు ఏర్పాటుచేస్తోంది. 2002లో సొంత ఊరు అబర్డీన్‌కు ఐరన్‌బర్డ్స్ అనే మైనర్ లీగ్ జట్టును తెచ్చారు. 2024లో డేవిడ్ రూబెన్‌స్టీన్ నాయకత్వంలో ఓరియోల్స్‌ను కొనుగోలు చేసిన బృందంలో ఆయన కూడా భాగస్వామి.